ఓరుగల్లుకు వస్తున్నారా? ముందు చెరువు కట్ట ఎక్కండి

మీరు అడిగినవి నాలుగు విషయాలు. రాజమహేంద్రవరం నుంచి డెబ్బై దాటిన తల్లిదండ్రులతో, ఇద్దరు పిల్లలతో రెండు రోజులు వరంగల్ వస్తున్నారు. గైడును పెట్టుకోవాలా, ఫోను చూసుకుంటూ తిరిగితే సరిపోతుందా? ఒకే రోజులో ఏడు చోట్లు చూపిస్తామన్న కారు ప్యాకేజీ మంచిదేనా? పెద్దవాళ్లతో ఏ వరుసలో తిరగాలి? చివరగా, ‘మాకు ఇంటి ముందే గోదావరి ఉంది, అక్కడి చెరువులు చూడకుండా వదిలేసినా నష్టం లేదు కదా’ అన్నారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో యాత్రికులను తిప్పుతున్నాను. నాలుగో ప్రశ్నకు జవాబు దొరికితే మిగిలిన మూడూ వాటంతట అవే తేలిపోతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

వరంగల్‌కు నది లేదు. మీ ఊరి నుంచి వచ్చేవారికి ముందుగా కనిపించవలసింది ఈ లోటే. గోదావరి ఇక్కడికి ఉత్తరాన చాలా దూరంలో, చాలా పల్లంలో పారుతుంది. ఓరుగల్లు నిలిచింది రాతి నేల మీద. వాన పడితే నీళ్లు నిలవకుండా జారిపోయే నేల ఇది. ఇలాంటి చోట రాజధాని పెట్టుకుని, కోట కట్టి, అంతమందికి తిండి పండించాలంటే ఆకాశం నుంచి పడిన నీటిని పడినచోటే పట్టుకోవాలి. కాకతీయులు, వారి సామంతులు, సేనానులు, ఆడపడుచులు అందరూ చెరువులు తవ్వించింది అందుకే. బయ్యారం చెరువును తవ్వించింది గణపతిదేవుడి సోదరి మైలాంబ. దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు. కాకతీయుల వంశక్రమం తెలియడానికి చరిత్రకారులకు ఎంతో అక్కరకొచ్చిన శాసనాల్లో ఆ చెరువు శాసనం ఒకటి. ఒక రాజవంశం తన తాతముత్తాతల పేర్లను చెరువు దగ్గర చెక్కించుకుందంటే, చెరువు వాళ్ల దృష్టిలో ఎంత పెద్ద పనో ఆలోచించండి. మీకు గోదావరి ఉంది కనుకనే మా చెరువులు తప్పక చూడాలి. మీ నీళ్లు ఎక్కడి నుంచో నడిచి వచ్చాయి, మా నీళ్లను మనుషులు కట్ట కట్టి ఆపుకున్నారు.

ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసని చెప్పను. మొదటి అయిదారేళ్లు నేనూ అందరిలాగే గుడి చూపించి, శిల్పాలు చూపించి, చివర్లో సమయం మిగిలితే ‘అదిగో చెరువు’ అని చెయ్యి చూపించి కారెక్కించేవాణ్ణి. ఒకసారి జగిత్యాల వైపు నుంచి ఒక పెద్దాయన కుటుంబంతో వచ్చాడు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. రామప్ప గుడిలో నేను చెప్పినదంతా మర్యాదగా విన్నాడు. చెరువు కట్ట ఎక్కగానే మనిషే మారిపోయాడు. ‘తూము ఎక్కడ? మత్తడి ఏ పక్కన? శిఖం ఎంతవరకు? ఆయకట్టు ఎన్ని ఊళ్లకు?’ అని వరసగా అడిగాడు. నా దగ్గర జవాబులు లేవు. ఆయనే కట్ట మీద నడుస్తూ నాకు చూపించాడు. రెండు కొండల మధ్య సందును మూసి ఈ కట్ట వేశారని, కొండలే రెండు పక్కలా గోడలు కావడంతో కట్ట పొడవు ఎంత తగ్గిందో చూడమని, అలల దెబ్బకు మట్టి కోసుకుపోకుండా లోపలి వాలుకు రాయి పరిచారని చెప్పాడు. ‘గుడి కట్టినవాడు ముందు దీన్ని కట్టి ఉంటాడు, తిండి లేకుండా శిల్పి ఏం చెక్కుతాడు?’ అన్నాడు. ఏది ముందో శాసనం చూసి చెప్పవలసిన మాట, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నేను యాత్రికులను ముందు కట్ట ఎక్కించి, తర్వాతే గుడిలోకి తీసుకెళుతున్నాను.

చెరువు మాటలు కొన్ని పిల్లలకు ముందే నేర్పి తీసుకురండి. మీవైపు అలుగు అనేదాన్నే ఇక్కడ మత్తడి అంటాం. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు అది. పొలాలకు నీరు వదిలే దారి తూము. చెరువు నీరు పరుచుకునే నేల శిఖం, ఆ నీటితో పండే నేల ఆయకట్టు. పైన చెరువు మత్తడి దూకిన నీరు వృథా పోకుండా కింద చెరువులోకి, అక్కడి నుంచి మరో చెరువులోకి చేరేలా కట్టినవి గొలుసుకట్టు చెరువులు. ఈ వ్యవస్థ నడవడానికి ఆనాటి పాలకులు ఒక మంచి ఏర్పాటు చేశారు. చెరువు తవ్వించినవారికి ఆ నీటితో పండే భూమిలో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చేవారు. దాన్ని దశబంధం అంటారు. సప్త సంతానాల్లో తటాకం ఒకటన్న నమ్మకం ఎలాగూ ఉంది. కొడుకుతో సమానంగా చెరువును ఎంచిన సమాజం ఇది. పుణ్యం, ఆదాయం రెండూ ఒకేచోట దొరికితే చెరువు తవ్వడానికి ఎవరు వెనకాడతారు?

ఇక మీ రెండు రోజుల సంగతి.

రైలులో వస్తే వరంగల్ స్టేషన్‌లోనే దిగండి. కాజీపేట దాకా వెళ్లనక్కర్లేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ ఇప్పుడు కలిసిపోయిన ఊళ్లు. కోట వరంగల్ స్టేషన్‌కు దగ్గర, వేయి స్తంభాల గుడి హనుమకొండలో, భద్రకాళి చెరువు ఈ రెండింటి నడుమ. బస హనుమకొండలో పెట్టుకోండి. మరునాడు ములుగు దారి పట్టడానికి అదే అనువు.

మొదటి రోజు తెల్లవారగానే భద్రకాళి గుడికి వెళ్లండి. పెద్దవాళ్లు దర్శనం చేసుకుంటారు, పిల్లలు చెరువు ఒడ్డున కాసేపు తిరుగుతారు. ఆషాఢంలో వస్తే అమ్మవారిని కూరగాయలతో, ఆకుకూరలతో శాకంబరిగా అలంకరించడం చూడవచ్చు. పంట బాగుండాలని కోరే ఊరికి అంతకన్నా తగిన అలంకారం లేదు. ఇక్కడ మీకు రెండు కథలు వినబడతాయి. ఒకటి కోహినూరు వజ్రం ఈ అమ్మవారి కన్ను అని, రెండోది కోట నుంచి వేయి స్తంభాల గుడి దాకా సొరంగం ఉందని. పిల్లలకు కథగా చెప్పండి, చరిత్రగా చెప్పకండి. ఈ రెండింటికీ నమ్మదగ్గ ఆధారం నేను ఇంతవరకు చూడలేదు. అసలైన కథలే ఇక్కడ దండిగా ఉండగా ఊహలతో పనేముంది?

అక్కడి నుంచి వేయి స్తంభాల గుడికి. ఎండ ముదరకముందే చేరుకోండి, ఎందుకంటే చెప్పులు విప్పి నల్లరాతి మీద నడవాలి. పదకొండు దాటితే ఆ రాయి కాలుతుంది. మీ నాన్నగారికి, అమ్మగారికి మందపాటి మేజోళ్లు తెచ్చుకోమని చెప్పండి. ఇది చిన్న మాటగా కనిపిస్తుంది కానీ, కాళ్లు కాలి శిల్పాల ముందు నిలబడలేక వెనక్కి వచ్చిన పెద్దవాళ్లను నేను ఎందరినో చూశాను.

ఈ గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. అప్పటికి రాజధాని హనుమకొండే. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు, వాటికి ఉమ్మడిగా ఒక రంగమండపం, అందుకే త్రికూటాలయం అంటారు. స్తంభాలు లెక్కపెట్టే పని పిల్లలకు పెట్టకండి, విసిగిపోతారు. రంగమండపంలో స్తంభం మీద వేలు ఆనకుండా దగ్గరగా మొహం పెట్టి చూడమనండి, వాళ్ల నీడ వాళ్లకే కనిపిస్తుంది. అంత నునుపు. నంది దగ్గర కూడా అంతే. ఎదురుగా ఉన్న కళ్యాణ మండపానికి పెద్ద కథే ఉంది. పునాది కుంగిపోవడంతో రాళ్లన్నీ విప్పి, ప్రతి రాయికీ గుర్తు వేసి, తిరిగి పేర్చారు. ఆ పని పదిహేనేళ్లకు పైగా సాగి 2024 మార్చిలో, శివరాత్రి నాటికి తెరుచుకుంది. ఆ ఏళ్లన్నింటిలో వచ్చిన యాత్రికులకు నేను రాళ్ల కుప్పలే చూపించాను. ఇప్పుడు మండపంలో నిలబడి పైకప్పు చూపిస్తుంటే గొంతు పట్టుకుంటుంది. ఆవరణలోనే శాసన స్తంభం ఉంది, తప్పకుండా చూడండి.

గైడు ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పవచ్చు. గైడును పెట్టుకోండి, కానీ అన్నిచోట్లా అక్కర్లేదు. భద్రకాళి దగ్గర, లక్నవరం చెరువు దగ్గర గైడు అవసరం లేదు. వేయి స్తంభాల గుడిలో ఉంటే మంచిది. కోటలో, రామప్పలో గైడు లేకుండా తిరిగితే సగం చూసినట్టే. ఫోనులో చదివితే తేదీలు తెలుస్తాయి, కానీ ఎక్కడ నిలబడితే ఏది కనిపిస్తుందో చెప్పేది మనిషే. మనిషిని ఎంచుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. మాట్లాడుకునే ముందే రెండు ప్రశ్నలు అడగండి: ‘ఇక్కడ శాసనం ఎక్కడుంది, చూపిస్తారా?’, ‘ఈ గుడికి, ఈ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి?’ మొదటి ప్రశ్నకు నేరుగా శాసనం వైపు నడిచేవాడు చదువుకున్నవాడు. రెండో ప్రశ్నకు కళ్లు మెరిసేవాడు ఈ నేలను ప్రేమించేవాడు. ఇద్దరిలో ఎవరు దొరికినా మీరు అదృష్టవంతులే. డబ్బు ఎంత, ఎంతసేపు, ఎవరెవరికి అన్నది ముందే తేల్చుకోండి. చివర్లో బేరమాడితే ఇద్దరికీ మనసు చెడుతుంది. మరో మాట. శిల్పాన్ని నాణెంతో కొట్టి శబ్దం వినిపిస్తానని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పండి. సరిగమలు పలికే శిల్పమని చెప్పి రోజుకు వందమంది తడితే, ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి మన మనవల కాలానికి అరిగిపోతుంది.

మధ్యాహ్నం బసకు వచ్చి పడుకోండి. పడుకోమని నిజంగానే చెబుతున్నాను. ఏడు చోట్ల ప్యాకేజీలో లేనిది ఈ నిద్రే. ఒకసారి ఒక కుటుంబం అలాంటి ప్యాకేజీలో ఉదయం ఆరు నుంచి తిరిగి, సాయంత్రం కోటకు వచ్చేసరికి వాళ్ల అమ్మమ్మ కారు దిగలేకపోయింది. డ్రైవరు పదిహేను నిమిషాలే ఆగుతానన్నాడు. తోరణాన్ని ఆవిడ కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోయింది. ఆవిడ ఒకప్పుడు బడిలో రుద్రమదేవి పాఠం చెప్పిన టీచరమ్మ అని తర్వాత తెలిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీ తల్లిదండ్రులకు అలా జరగకూడదు. రెండు రోజుల్లో నాలుగైదు చోట్లు చాలు.

నాలుగు గంటలకు కోటకు బయలుదేరండి. రాజధానిని ఓరుగల్లుకు మార్చి రాతికోట కట్టించింది గణపతిదేవుడు. ఆయన ఏలుబడి 1199 నుంచి 1262 వరకు. ఆ పనిని పూర్తిచేసి, బయట మట్టికోట వేయించింది ఆయన కూతురు రుద్రమదేవి. ఎక్కువమంది నేరుగా మధ్యలో ఉన్న తోరణాల దగ్గరికే ఆటోలో వెళ్లి దిగుతారు. అలా వెళ్లకండి. మట్టికోట దగ్గర ఒక నిమిషం, రాతికోట ద్వారం దగ్గర పది నిమిషాలు ఆగండి. మట్టికోట ఈనాడు పచ్చిక మొలిచిన పొడుగాటి దిబ్బలా కనిపిస్తుంది, చాలామంది కొండ అనుకుంటారు. అది మనుషులు తట్టలతో మోసిన మట్టి. చెరువు కట్ట వేయడం చేతనైన జనమే ఆ గోడ కూడా వేశారని నాకు గట్టి నమ్మకం. పని ఒకటే, అక్కడ నీటిని ఆపారు, ఇక్కడ సైన్యాన్ని ఆపారు. రాతికోట చుట్టూ కందకం, అందులో నీళ్లు. గోడకు 45 బురుజులు. ద్వారంలోంచి నేరుగా లోపలికి పోలేరు, మలుపు తిరగాలి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే వీలు లేకుండా అలా కట్టారని పిల్లలకు చెబితే, ఆ మలుపులో వాళ్లే నాలుగుసార్లు పరుగెత్తి చూస్తారు. గోడ లోపలివైపు మెట్లు ఉంటాయి, సైనికులు ఎటునుంచైనా గబగబా పైకెక్కడానికి.

మధ్యలో స్వయంభూ దేవాలయం ఉండేది. దానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు కనిపించేది ఈ తోరణమే. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ సైన్యం కోటను పట్టుకుంది, చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, ఊరి పేరునే సుల్తాన్‌పూర్ అని మార్చారు. గుడి కూలిపోయింది, తోరణాలు నిలిచాయి. చుట్టూ పరిచిన విరిగిన రాళ్ల మధ్య నడిచేటప్పుడు తొందరపడకండి. ఒక ముక్కలో హంసల వరుస, ఇంకో ముక్కలో తామర, ఎక్కడో ఒక నంది చెవి కనిపిస్తాయి. పిల్లలకు ఒక పని చెప్పండి, పడిపోయిన ముక్కల్లో ఏది ఏ భాగానిదో పోల్చమనండి. గంటసేపు మీ వైపు చూడరు.

పక్కనే ఖుష్ మహల్. లోపలికి వాలిన గోడలున్న పెద్ద హాలు. దీన్ని ఆనాటి ఇక్కడి పాలకుడు షితాబ్ ఖాన్ పదహారో శతాబ్దం మొదట్లో కట్టించాడని ఇక్కడ ఎక్కువగా చెబుతారు. తుగ్లక్ కాలపు సభామందిరమని కొందరు పండితుల అభిప్రాయం. ఏదైనా, తోరణాల పక్కన అది నిలబడి ఉండటమే ఈ ఊరి చరిత్రను చెబుతుంది. ఓపిక ఉంటే పిల్లలు ఏకశిల గుట్ట ఎక్కవచ్చు. ఒకే రాయి అది. ఓరుగల్లు అన్న పేరు ఆ రాతి నుంచే వచ్చింది. పెద్దవాళ్లు కింద కూర్చోవచ్చు. పైనుంచి చూస్తే కోట లోపల ఇళ్లు, పొలాలు, నీళ్లు అన్నీ కనిపిస్తాయి. కోట ఇంకా ఊరే. మనుషులు అందులో పుడుతున్నారు, వరి నాటుతున్నారు. వాళ్ల వాకిళ్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు పలకరించి వెళ్లండి.

రెండో రోజు ఉదయం ఆరుకల్లా రామప్పకు బయలుదేరాలి. డెబ్బై కిలోమీటర్ల లోపే. ఆత్మకూరు దాటాక కటాక్షపూర్ వస్తుంది. జాతీయ రహదారి ఆ ఊరి చెరువును ఆనుకునే పోతుంది. మంచి వానాకాలంలో మత్తడి నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. ఆ ఊళ్లో కాకతీయుల కాలపు పాత గుళ్లు రెండున్నాయి, ఎవరూ ఆగరు. మీరు ఒక పావుగంట ఆగండి. చెరువు, గుడి, ఊరు ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఎలా అమరాయో అక్కడ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాత ములుగు, జంగాలపల్లి దగ్గర మలుపు, అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట. బస్సులో అయితే హనుమకొండ నుంచి ములుగు దాకా ఆర్టీసీ బస్సులు దండిగా ఉంటాయి. కానీ పెద్దవాళ్లతో కారే మేలు.

పాలంపేటలో డ్రైవరు గుడి దగ్గర ఆపుతానంటాడు. ముందు చెరువు దగ్గరికి పోనివ్వమనండి. ఉదయపు గాలిలో కట్ట మీద అరగంట నడవండి. ఒకవైపు కొండల దాకా నీళ్లు, ఇంకోవైపు కళ్లకు ఆనినంత దూరం వరిపొలాలు. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాని. యుద్ధాలు చేసే మనిషి ఈ అడవిలో ఊరు నిలిపి, గుడి నిలిపాడు. శాసనంలోని సంవత్సరం 1213.

అప్పుడు గుడికి రండి. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేదిక ఎత్తుగా ఉంటుంది, మెట్ల దగ్గర అమ్మగారి చెయ్యి పట్టుకోండి. గోడలకు లేత ఎరుపు ఇసుకరాయి, స్తంభాలకు, కొమ్ముల్లా బయటికి వంగిన మదనికలకు, అంటే నిలువెత్తు స్త్రీ శిల్పాలకు, గట్టి నల్లరాయి వాడారు. ఎక్కడ ఏ రాయి పెట్టాలో వాళ్లకు తెలుసు. మదనికలు పన్నెండు మంది. చూరు కింద ఏటవాలుగా నిలబడి ఉంటారు. అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి, పిల్లలే వెతికి పట్టుకోవాలి. గైడు చూపించేదాకా ఆగవద్దు. నాట్య భంగిమలను నిదానంగా చూడండి. గణపతిదేవుడి గజసేనాని జాయపుడు నాట్యం మీద సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ శిల్పాలను, ఆ గ్రంథాన్ని దగ్గర పెట్టుకుని కాకతీయుల కాలపు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాయి మీద ఆగిపోయిన అడుగు ఏడు వందల ఏళ్ల తర్వాత మళ్లీ నేల మీద పడింది.

శిఖరం ఇటుకల సంగతి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. లోపల సన్నని రంధ్రాలున్న తేలికపాటి ఇటుకలు, నీళ్లలో వేస్తే తేలుతాయి. కింద పునాదిలో గొయ్యి తవ్వి ఇసుక నింపారు. నేల కదిలినప్పుడు ఆ అదురును ఇసుక తనలోకి తీసుకుంటుంది. మీద బరువు తగ్గించి, కింద మెత్తన చేశారు. కొన్ని దూలాలు పగిలాయి, నేల ఎగుడుదిగుడైంది, అయినా గుడి నిలబడింది. ఆ వంపులను కూడా చూడండి, దాచవలసినవి కావు. ఆవరణలోని చిన్న మండపంలో శాసనం ఉంది. ఊరివాళ్లు ఈ గుడిని కట్టించినవాడి పేరుతో పిలవలేదు, చెక్కాడని నమ్మిన శిల్పి పేరుతో రామప్ప అన్నారు. నాకు ఈ గుడిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

పదకొండున్నరకు అక్కడి నుంచి రెండు దారులు. పిల్లల మాట వింటే చల్వాయి మీదుగా లక్నవరం. కాకతీయుల చెరువే, మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెన. వారం మధ్యలో అయితే సంతోషంగా వెళ్లండి. ఆదివారం అయితే వంతెన మీద జనం తోపులాట పెద్దవాళ్లకు కష్టం. నా సలహా అడిగితే రెండో దారి, గణపురం కోటగుళ్లు. దగ్గరే. గణపేశ్వరాలయం, చుట్టూ చిన్నచిన్న గుళ్లు, అన్నీ కలిపి ఇరవైకి పైనే. సగం కూలినవి, సగం నిలిచినవి, చెట్ల నీడ, నిశ్శబ్దం. జనం అంతగా రారు. ఆ ఊరికీ ఒక పెద్ద చెరువు ఉంది, గణపసముద్రం. మీ నాన్నగారు ప్రశాంతంగా కూర్చోగలిగే చోటు అదే. పాకాల చెరువు ఇంకా గొప్పది. నర్సంపేట దాటాక అడవి మధ్యలో, గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి తవ్వించినది. కానీ అది వేరే దిక్కు. రెండు రోజుల్లో కుదరదు, మళ్లీ రావడానికి ఉంచుకోండి.

నీటి దగ్గర జాగ్రత్త గురించి ఒక్క పేరా రాయనివ్వండి. మత్తడి మీద నీళ్లు చీలమండ లోతే కనిపిస్తాయి, కానీ కింద పాచి, వెనక తోపు. దాని మీద నడిచి ఫోటో దిగుదామని ఎవరూ అనుకోవద్దు. తూము దగ్గర ఈత అసలే వద్దు, లోపలికి లాగుతుంది. 2023 జూలై చివరి వారంలో పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది, కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. చెరువు శిఖంలో ఇళ్లు లేచి, నాలాలు ఇరుకైతే నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటాయి. కాబట్టి జూలై, ఆగస్టుల్లో వచ్చేటట్టయితే వాతావరణ హెచ్చరిక చూసి, పెద్ద వాన సూచన ఉంటే ప్రయాణాన్ని వారం వాయిదా వేసుకోండి.

ఎప్పుడు రావాలో మీరు రాయలేదు. నన్నడిగితే బతుకమ్మ రోజుల్లో రండి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మకు వేయి స్తంభాల గుడి ఆవరణ పూలతో, పాటలతో నిండిపోతుంది. ఎనిమిది రోజుల తర్వాత సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద కొలను దగ్గరికి వేలమంది ఆడవాళ్లు తలల మీద బతుకమ్మలతో నడిచివస్తారు. వానలు అప్పుడే తగ్గి చెరువులు నిండుగా ఉంటాయి. తంగేడు, గునుగు పూచే కాలం. నిండిన చెరువుకు పూలు పట్టుకెళ్లి కృతజ్ఞత చెప్పే పండుగ ఇది. అమ్మగారు తప్పకుండా ఆ వలయంలో కలిసి రెండు చప్పట్లు కొట్టాలి. తెలియనివారు వచ్చినా చేయి పట్టుకుని లోపలికి లాక్కుంటారు. సరి సంవత్సరాల మాఘమాసంలో మాత్రం మేడారం జాతర ఉంటుంది. జాతరకే వస్తే వేరు, లేకపోతే ఆ వారం ములుగు దారిలో పెద్దవాళ్లతో ప్రయాణం పెట్టుకోకండి.

తిండికి ఇబ్బంది లేదు. హనుమకొండలో సర్వపిండి ఎక్కడైనా వేడిగా కనబడితే ఆగండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు వేసి గిన్నెకు అద్ది కాలుస్తారు. కారం మీకు కొత్త కాదు కనుక భయపడనక్కర్లేదు. ఇంటికి పట్టుకెళ్లడానికి కొత్తవాడలో నేసే పరుపు తివాచీ, జంపఖానా, ఒకటి కొనండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం దగ్గరికే వెళ్లి కొంటే నేసిన మనిషి చేతికి డబ్బు చేరుతుంది, మడతపెట్టే పద్ధతి కూడా ఆయనే చూపిస్తాడు.

మీ ప్రయాణం ఏ నెలలోనో, తిరుగు రైలు ఎన్నింటికో కింద రాయండి. ఆ నెలలో రామప్ప మత్తడి పారుతుందో లేదో, రెండో రోజు కోటగుళ్లకు సమయం మిగులుతుందో లేదో చూసి చెబుతాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంటే అదీ రాయండి, రామప్ప కట్ట మీదికి కారు ఎంతవరకు వస్తుందో డ్రైవర్లను కనుక్కుని ఉంచుతాను.